ఊళ్లో అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి ఆడే జట్టు ఎలా కట్టాలి?

ఎండాకాలం సెలవులు దగ్గరపడగానే ఈ ప్రశ్న మొదలవుతుంది. “పిల్లలందర్నీ కలిపి ఆడిద్దామని ఉంది, కానీ అమ్మాయిల్ని పంపడం లేదు, ఏం చేయమంటారు?” అడిగేవాళ్లలో పీఈటీ మాస్టార్లు ఉన్నారు, యువజన సంఘం కుర్రాళ్లు ఉన్నారు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీలు ఉన్నారు, “మా పాపకి ఆడుకోవడానికి తోడు లేదండీ” అనే తల్లులు ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేబదులు అందరికీ పనికొచ్చేలా ఒకేచోట రాస్తున్నాను.

కలిసి ఆడటం మన ఊళ్లకి కొత్తేమీ కాదు. ఏడు పెంకులాటలో, కోతికొమ్మచ్చిలో, నాలుగు స్తంభాలాటలో ఎవరూ ఎవర్నీ విడదీయలేదు. చిన్నపిల్లల్ని ఇప్పటికీ విడదీయరు. పదేళ్లు దాటి, వీధిలో ఆట కాస్తా గ్రౌండులోకి వచ్చి, ఈల, గీతలు, చూసే జనం చేరాకే గొణుగుడు మొదలవుతుంది. ఆ గొణుగుడులో చిన్న చిన్న భయాలు నాలుగైదు ఉంటాయి. ఒక్కోదానికీ ఒక్కో ఏర్పాటు చేస్తే చాలావరకు తగ్గిపోతుంది. ఉపన్యాసాలతో మాత్రం తగ్గదు.

ఇక్కడ రాసింది 7 నుంచి 14 ఏళ్ల పిల్లలకి, పదహారు ఇరవై మందితో ఊరి బడిలోనో కాలనీ ఖాళీ స్థలంలోనో ఆడించేవాళ్లకి. పోటీలకి తయారుచేసే అకాడమీల సంగతి వేరు.

కావలసినవి

- దారిన పోయేవాళ్లకి కనిపించే స్థలం. జడ్పీ హైస్కూల్ గ్రౌండ్ అన్నిటికంటే మంచిది. గోడ చాటున, తోట వెనక ఉన్న చోటు ఎంత చదునుగా ఉన్నా వద్దు.
- ఇద్దరు పెద్దవాళ్లు. అందులో ఒకరు తప్పనిసరిగా ఆడమనిషి. ఆమెకి ఆట రాకపోయినా ఫరవాలేదు. అంగన్‌వాడీ టీచరు, ఆశా వర్కరు, డిగ్రీ చదివే అమ్మాయి, ఎవరైనా సరే, రోజూ ఉండాలి.
- బాత్రూమ్ తాళంచెవి. నవ్వకండి. ఆట మధ్యలో అమ్మాయిలు మానేయడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. అబ్బాయిలు గోడ చాటుకి వెళ్లొస్తారు, అమ్మాయిలు నీళ్లు తాగడం మానేసి ఆడతారు, తలనొప్పి వస్తుంది, మర్నాడు రారు. హెడ్‌మాస్టరుగారి దగ్గర గ్రౌండ్‌కి అనుమతి అడిగేటప్పుడే తాళంచెవి కూడా అడగండి.
- ఒక త్రోబాల్ లేదా వాలీబాల్, రెండు టెన్నికాయిట్ రింగులు, ఒక మెత్తటి రబ్బరు బంతి, ఒక నెట్టు. నెట్టు లేకపోతే రెండు కర్రల మధ్య తాడు కట్టి దానికి గుడ్డపీలికలు వేలాడదీయండి.
- సున్నం, ఈల, రెండు రంగుల రిబ్బన్లు, బట్టల క్లిప్పులు, నీళ్ల క్యాను, దూది, కట్టు గుడ్డ, యాంటీసెప్టిక్.
- ఒక నోట్‌బుక్. ఇది హాజరుకి కాదు. దీని పని చివర్లో చెబుతాను.

1. ముందు తల్లుల దగ్గరికి వెళ్లండి

చాలామంది చేసే మొదటి పొరపాటు రచ్చబండ దగ్గరో, వాట్సాప్ గ్రూపులోనో ప్రకటన చేయడం. నలుగురి ముందు అడిగితే ఏ తండ్రీ ముందుగా “మా అమ్మాయిని పంపుతాను” అనడు. ఒప్పుకోవాలని ఉన్నా పక్కవాడి మొహం చూస్తాడు. ఒక్కరు “ఎందుకొచ్చిన గొడవ” అన్నారంటే మిగతావాళ్లూ అదే పాట.

డ్వాక్రా సంఘం మీటింగుకి వెళ్లండి. మీరు మగవాళ్లైతే మీతో పనిచేసే అమ్మాయినో, సంఘం లీడరునో మాట్లాడమనండి. తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు, ఆంధ్రాలో బడి పేరెంట్స్ కమిటీలు ఉన్నాయి కదా, వాటిలో చురుగ్గా ఉండే ఇద్దరు తల్లులు చాలు. వాళ్ల పిల్లలు వస్తే మిగతావాళ్ల పిల్లలు వస్తారు.

అక్కడ “కలిపి ఆడిస్తే మంచిదేనా?” అని అడక్కండి. అలా అడిగితే అభిప్రాయాలు వస్తాయి, పిల్లలు రారు. “సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరింటి దాకా బడిలో ఆటలు పెడుతున్నాం. ఫలానా అక్క ఉంటుంది. మీ అమ్మాయిని పంపాలంటే మీకేం ఏర్పాటు కావాలి?” అని అడగండి. వచ్చే జవాబులు దాదాపు ఇవే:

“చీకటి పడుతుంది కదా.” ఆట ఆరింటికి ఆగాలి. శీతాకాలంలో ఐదున్నరకే. ఒక్క రోజు కూడా దాటొద్దు. పాయింటు మధ్యలో ఉన్నా ఈల వేసేయండి. ఒకే వీధి పిల్లలు గుంపుగా ఇంటికి వెళ్లాలి.

“తమ్ముణ్ణి ఎవరు చూస్తారు?” అభ్యంతరం ఏదైనా దాని అసలు కారణం చాలాసార్లు ఇంటి పనే. సాయంత్రం నీళ్లు పట్టేది, చిన్నవాణ్ణి ఎత్తుకునేది అమ్మాయే. తమ్ముణ్ణి కూడా తీసుకురమ్మనండి. నాలుగేళ్లవాడికి బంతులు అందించే ఉద్యోగం ఇవ్వండి, రోజూ ముందు వాడే తయారవుతాడు. నీళ్లొచ్చే టైమేదో కనుక్కుని ఆట అరగంట జరపండి.

“ఆ బట్టలు వేసుకుని ఎగరడమేంటి?” దీనికి మూడో మెట్టులో చెబుతాను.

“రేపు ఎవరైనా ఏమైనా అంటే?” ఇది అసలు భయం. దీనికి మాటతో జవాబు లేదు. వచ్చి చూడమనండి. గ్రౌండ్ గేటు దగ్గర రెండు బెంచీలు వేయించండి. మొదటి రెండు వారాలు అమ్మమ్మలు, నానమ్మలు వచ్చి కూర్చుంటారు. కూర్చోనివ్వండి. మీ తరఫున ఊళ్లో మాట్లాడేది వాళ్లే. ఆ మాటకొస్తే అమెరికాలో మనవరాలు అబ్బాయిలతో కలిసి సాకర్ ఆడే వీడియో చూసి మురిసిపోయే నానమ్మే ఇక్కడ రెండో మనవరాలిని “మగపిల్లల్తో ఆ గెంతులేంటే” అంటుంది. ఆవిడతో వాదించకండి, బెంచీ మీద చోటివ్వండి.

హెచ్చరిక: “మీ అమ్మాయి సింధు అవుతుంది” లాంటి మాటలు చెప్పొద్దు. తల్లిదండ్రులు తెలివైనవాళ్లు, లోపల నవ్వుకుంటారు. మిక్స్‌డ్ ఆట మీరు కనిపెట్టిన వింత అని ఎవరైనా అంటే మాత్రం చెప్పడానికి మనవాళ్లే ఉన్నారు. హైదరాబాద్ సానియా మీర్జా మూడు మిక్స్‌డ్ డబుల్స్ గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది. విజయవాడ జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఆర్చరీలో ఓజస్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్ స్వర్ణం తెచ్చింది. మిథాలీ రాజ్ సికింద్రాబాద్‌లో అన్నయ్య వెంట వెళ్లి, అబ్బాయిల మధ్యే క్రికెట్ మొదలుపెట్టింది. ఇంతవరకు చెప్పి ఊరుకోండి.

ఇంకొక సంగతి. కొన్ని ఊళ్లలో “అబ్బాయిలతో ఎలా ఆడతారు” అనే ప్రశ్న వెనక “ఏ పేట అబ్బాయిలతో” అనే ప్రశ్న దాగి ఉంటుంది. ఎవరూ పైకి అనరు. దానికి చేయగలిగింది స్థలంలోనే ఉంది. ఏ ఒక్క వర్గానికో చెందినట్టు అనిపించే చోటు కాకుండా బడి గ్రౌండే పెట్టుకోండి, నీళ్ల క్యాను ఒకటే ఉంచండి, జట్లు పేటల వారీగా కట్టకండి. దీని మీద ఎవరైనా షరతు పెడితే ఒప్పుకోవద్దు. మిగతా విషయాల్లో పట్టువిడుపులు ఉండొచ్చు కానీ ఇందులో వద్దు.

2. అబ్బాయిలకి ముందే బాగా వచ్చిన ఆటతో మొదలుపెట్టకండి

ఈ మొత్తంలో ఒక్క మెట్టే పాటించే ఓపిక ఉంటే ఇది పాటించండి.

క్రికెట్ పెట్టారనుకోండి. అబ్బాయిలకి ఐదేళ్లప్పటి నుంచి బ్యాటు పట్టిన చేతులు. అమ్మాయిలు బౌండరీ దగ్గర నిలబడి బంతి వచ్చినప్పుడు అందిస్తుంటారు. బ్యాటింగు చివర్లో, వెలుతురు పోయాక వస్తుంది. మొదటి బంతికే అవుట్. “చూశారా, వీళ్లకి రాదు” అని అబ్బాయిలు, “మాకు రాదులే” అని అమ్మాయిలు తేల్చేసుకుంటారు. పేరుకి కలిపి ఆడించారు. నిజానికి అమ్మాయిలు ఆటలో అరటిపండు.

పదకొండు పన్నెండేళ్ల లోపు పిల్లల్లో ఒంటి బలంలో తేడా పెద్దగా ఉండదు. అమ్మాయిలకి ఎదుగుదల ముందు మొదలవుతుంది కాబట్టి ఐదు, ఆరు తరగతుల్లో పొడుగువాళ్లలో చాలామంది అమ్మాయిలే. ఆ వయసులో కనిపించే తేడా ఎక్కువగా అలవాటులోది. అందుకే ఇద్దరికీ సమానంగా కొత్తైన ఆటనో, అమ్మాయిలకి కాస్త ముందే తెలిసిన ఆటనో ఎంచుకోండి.

*త్రోబాల్.* నా మొదటి ఓటు దీనికే. మన బడుల్లో దీన్ని అమ్మాయిల ఆటగా చూస్తారు కాబట్టి మొదటి వారం అబ్బాయిలే తడబడతారు, అది అందరికీ మంచిది. బంతిని రెండు చేతులతో పట్టాలి, మూడు సెకన్లలోపు ఒక చేత్తో భుజం పైనుంచి విసరాలి. జట్టుకి ఏడుగురు చాలు. మధ్యలో నెట్టు ఉంటుంది, ఒకరినొకరు తగిలే పని లేదు. “తాకుతారు” అనే అభ్యంతరం దానంతటదే పోతుంది.

*టెన్నికాయిట్.* చోటు తక్కువున్న అపార్ట్‌మెంట్లకి ఇది. రింగుని ఒక్క చేత్తోనే పట్టాలి, పట్టిన చేత్తోనే విసరాలి. డబుల్స్ కోర్టు 12.2 మీటర్ల పొడవు, 5.5 మీటర్ల వెడల్పు, నెట్టు 1.8 మీటర్ల ఎత్తు. చిన్నపిల్లలకి నెట్టు కాస్త దించండి. మిక్స్‌డ్ డబుల్స్ ఈ ఆటలో ఎప్పటినుంచో ఉన్నదే.

*షటిల్.* రాకెట్లు ఉంటే మంచిదే. గాలికి బయట ఆడటం కష్టం, పైగా ఒకసారికి నలుగురే ఆడగలరు. పెద్ద గుంపుకి సరిపోదు.

*ఖోఖో.* పిల్లలకి ప్రాణం. పరుగు, మలుపు, తెలివి మూడూ కావాలి. చిన్నగా చురుగ్గా ఉన్న పిల్ల పొడుగాటి అబ్బాయిని మూడు నిమిషాలు తిప్పించేస్తుంది. జట్టుకి తొమ్మిది మంది, ఎనిమిది మంది వరసలో కూర్చుంటారు, ఒకరు తరుముతారు. కూర్చున్నవాళ్లకి వెనక నుంచి తట్టి “ఖో” అనాలి. తట్టడం భుజం మీదే, అరచేత్తోనే అని మొదటి రోజే చూపించండి. వీపు మీద చరిచే అలవాటు అబ్బాయిల్లో ఉంటుంది, దాన్ని ఫౌల్‌గా ఈల వేయండి. ఖోఖోని త్రోబాల్ కుదురుకున్నాక, రెండో నెలలో పెట్టడం మేలు.

*రిలే.* ఇద్దరమ్మాయిలు, ఇద్దరబ్బాయిలు. ఒలింపిక్స్‌లోనే టోక్యో నుంచి 4×400 మిక్స్‌డ్ రిలే ఉంది. ఎవరు ఏ వరసలో పరుగెత్తాలో పిల్లల్నే తేల్చుకోమనండి. ఆ చర్చ వినడానికి బాగుంటుంది.

*కబడ్డీ.* పదేళ్లు దాటినవాళ్లకి కలిపి పెట్టొద్దు. పట్టుకుని కిందపడేసే ఆట అది. ఊరి ఒప్పుదల ఒక్క రోజులో పోతుంది, దెబ్బలు కూడా తగులుతాయి. పిల్లలు పట్టుబడితే రిబ్బన్ కబడ్డీ ఆడించండి. చొక్కా చేతికి బట్టల క్లిప్పుతో ఒక రిబ్బన్ తగిలించాలి. ఆ రిబ్బన్ లాగితే పట్టుకున్నట్టే. కూత అలాగే ఉంటుంది, గీతలు అలాగే ఉంటాయి, కుస్తీ పోతుంది.

ఈ సమస్యనే దృష్టిలో పెట్టుకుని పుట్టిన ఆట ఒకటుంది. పేరు కార్ఫ్‌బాల్. 1902లో నెదర్లాండ్స్‌లో ఒక బడి మాస్టారు మొదలుపెట్టారు. జట్టులో నలుగురు అమ్మాయిలు, నలుగురు అబ్బాయిలు. అమ్మాయి అమ్మాయినే, అబ్బాయి అబ్బాయినే అడ్డుకోవాలి. బంతితో పరుగెత్తకూడదు, పక్కవాళ్లకి అందించాల్సిందే. బుట్ట 3.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది, పిల్లలకి దించుకోవచ్చు. ఒక కర్రకి వెదురుబుట్ట కట్టి ఆడించండి. బంతితో పరుగెత్తకూడదు అన్న ఒక్క నియమం చాలు, ఒక్కడే బంతి పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తే కుర్రాడికి కళ్లెం పడుతుంది. ఆ నియమాన్ని వేరే బంతాటల్లోకి కూడా తెచ్చుకోవచ్చు.

3. బట్టలు, నగలు, నెలసరి

బట్టల మీద పంతం పట్టకండి. నిక్కరు, టీషర్టు వేసుకుంటేనే ఆటలోకి అంటే ఉన్న ఎనిమిది మంది అమ్మాయిల్లో ముగ్గురు మిగులుతారు. ట్రాక్‌ప్యాంటు, వదులు టీషర్టు చాలు. పంజాబీ డ్రెస్సులో వస్తే రానివ్వండి. చున్నీ మాత్రం తీసి పక్కన పెట్టాలి, లేదా అడ్డంగా వేసి నడుం దగ్గర గట్టిగా ముడేయాలి. మెడ చుట్టూ వేలాడే చున్నీతో ఖోఖో ఆడనివ్వొద్దు. తలకి స్కార్ఫ్ కట్టుకునే అమ్మాయిలుంటే చివర్లు లోపలికి దోపి పిన్ను లేకుండా ముడేసుకోమనండి. ఆట ఆగదు.

గాజులు, పట్టీలు, వేలాడే లోలాకులు తీయాలి. అబ్బాయిలు చేతి కడియాలు, ఉంగరాలు తీయాలి. ఇద్దరికీ ఒకేసారి చెప్పండి. అమ్మాయిలకి మాత్రమే చెబితే అదొక నిఘాలా ఉంటుంది.

అబ్బాయిలు చొక్కా విప్పి ఆడటం వద్దు. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ బెంచీ మీద కూర్చున్న తల్లి కంటికి ముందు పడేది అదే.

నెలసరి గురించి మీతో ఉన్న అక్క అమ్మాయిలకి విడిగా చెప్పాలి. ఆ రోజుల్లో ఆడాలనుకుంటే ఆడొచ్చు, వద్దనుకుంటే స్కోరు రాయొచ్చు, కారణం ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోనే ప్యాడ్లు ఉంచండి. స్కోరు రాసే పని రోజూ ఎవరో ఒకరు చేసేదిగా, అబ్బాయిలు కూడా చేసేదిగా ఉండాలి. లేకపోతే స్కోరు బుక్కు పట్టుకుంటే చాలు, కారణం అందరికీ తెలిసిపోతుంది.

4. జట్లు మీరే కట్టండి

ఇద్దరు కెప్టెన్లు నిలబడి ఒక్కొక్కర్ని కోరుకునే పద్ధతి మానేయండి. అందులో చివరికి మిగిలేది ఎవరో మీకు తెలుసు, వాళ్లకీ తెలుసు. సమానంగా ఆడే ఇద్దర్నిద్దర్ని మీరే జతలు కట్టి, జతలో ఒకర్ని ఇటు, ఒకర్ని అటు పంపండి. అమ్మాయికి జత అమ్మాయే కానక్కర్లేదు. వారానికోసారి మార్చండి.

అమ్మాయిల జట్టు ఒకవైపు, అబ్బాయిల జట్టు ఒకవైపు పెట్టి పోటీ పెట్టడం చాలామందికి సరదాగా అనిపిస్తుంది. వద్దు. ఎవరు గెలిచినా నష్టమే. అబ్బాయిలు గెలిస్తే “అనుకున్నదేగా” అంటారు. అమ్మాయిలు గెలిస్తే ఓడిన అబ్బాయిలు ఇంట్లో, వీధిలో “ఆడపిల్లల చేతిలో ఓడిపోయార్రా” అనిపించుకుని మర్నాడు ఆటకి రారు.

“అమ్మాయి పాయింటు చేస్తే రెండు” అనే నియమం కూడా ఇలాంటిదే. మొదటి వారం బంతి అమ్మాయిల దాకా రావడానికి పనికొస్తుంది. తర్వాత అది వాళ్లకే చిన్నతనంగా ఉంటుంది. దానికి బదులు “బంతి కనీసం ముగ్గురి చేతులు మారాకే అవతలికి వెయ్యాలి” అని పెట్టండి. త్రోబాల్ అసలు నియమాల్లో అలా పక్కవాళ్లకి అందించడం లేదు కానీ ఇది మన ఊరి ఆట, మార్చుకోవచ్చు. పోటీలకి వెళ్లే ముందు అసలు నియమాలు నేర్పితే సరి.

5. మొదటి వారం

మొదటి రెండు రోజులు ఏడు పెంకులాట ఆడించండి. పెంకులు, మెత్తటి బంతి, నడుం కిందే కొట్టాలన్న నియమం. అందరికీ వచ్చిన ఆట, చూసే పెద్దవాళ్లకీ తెలిసిన ఆట. బెంచీ మీద నుంచి సలహాలు మొదలవుతాయి. మూడో రోజు నెట్టు కట్టండి.

వేళాకోళం ఎలాగూ వస్తుంది. ఒక అబ్బాయికీ అమ్మాయికీ జత కలిపి ఏడిపించడం, ముద్దుపేర్లు పెట్టడం. ఇది పిల్లల మధ్యే ఆగిపోతే పెద్ద ప్రమాదం లేదు, ఇంటికి చేరితే మాత్రం అమ్మాయి ఆట బంద్. అందుకని మొదటి రోజే నియమంగా చెప్పండి: జతలు కట్టి ఏడిపిస్తే ఆ రోజుకి ఆట నుంచి బయట. అన్నవాణ్ణే పంపాలి. గొడవెందుకని అమ్మాయిని పక్కన కూర్చోబెడితే శిక్ష ఆమెకే పడినట్టు.

గోడ మీద కూర్చుని చూసే పెద్ద కుర్రాళ్లు ఇంకో తలనొప్పి. తరిమితే పంతం పెరుగుతుంది. ఇద్దర్ని పిలిచి గీతలు వేయమనండి, లైన్ అంపైరింగ్ ఇవ్వండి. పని చేయడానికి రాని వాళ్లకి ఆ గోడ మీద కూర్చోవడం బోరు కొడుతుంది.

6. భద్రత: ఇక్కడ సర్దుబాట్లు లేవు

ఏ పిల్లతోనైనా, పిల్లాడితోనైనా పెద్దవాళ్లు ఒంటరిగా ఉండకూడదు. సామాన్ల గదిలోకి కూడా. బైకు మీద ఒక్కర్నే ఇంటి దగ్గర దింపడాలు వద్దు. చెయ్యి పట్టుకుని విసరడం నేర్పాలంటే ముందు చెప్పి, అందరి ముందు నేర్పండి. వీలైతే మీరు చేసి చూపిస్తే చాలు.

ఫొటోలు, వీడియోల సంగతి చాలామంది మర్చిపోతారు. అమ్మాయి గెంతుతున్న వీడియో ఎవరో స్టేటస్‌లో పెడతారు, సాయంత్రానికి మేనమామ ఫోన్ చేస్తాడు, మర్నాటి నుంచి అమ్మాయి రాదు. గ్రౌండులో ఫోన్ తీయడం నిర్వాహకులు తప్ప ఎవరూ చేయకూడదు. నిర్వాహకులు తీసినా తల్లిదండ్రులు సరేనన్నాకే ఎక్కడైనా పెట్టాలి.

పిల్లలు ఎవరైనా ఒకరి ప్రవర్తన గురించి ఇబ్బందిగా చెబితే “ఊళ్లో పరువు” అని నొక్కిపెట్టొద్దు. పిల్లల మీద లైంగిక వేధింపులకి 2012 నాటి పోక్సో చట్టం ఉంది. విషయం తెలిసి కూడా ఫిర్యాదు చేయకపోవడం ఆ చట్టం కింద నేరమే. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు గోడ మీద పెద్దగా రాయించండి. ఈ నంబరు గోడ మీద ఉంటే తల్లిదండ్రులు భయపడతారేమో అని కొందరు వెనకాడతారు. నాకు తెలిసి, పిల్లల్ని పంపడానికి ధైర్యం ఇచ్చే వాటిలో అదీ ఒకటి.

7. పన్నెండు, పదమూడేళ్లకి వచ్చేసరికి

ఇక్కడే జట్లు విరుగుతాయి. అమ్మాయి పెద్దమనిషి అవుతుంది, ఫంక్షన్ చేస్తారు, తర్వాత గ్రౌండులో కనిపించదు. ఎవరూ “మానెయ్” అని గట్టిగా అననుకూడా అనరు. ఒక వారం రాదు, రెండు వారాలు రాదు, అంతే.

ఆ రెండు వారాల్లోనే కదలాలి. మీతో ఉన్న అక్క ఇంటికి వెళ్లి మాట్లాడాలి, మగవాళ్లు వెళ్లొద్దు. “మళ్లీ ఎప్పటిలా పంపండి” అంటే ఒప్పుకోరు. మెట్లు మెట్లుగా అడగండి. మొదట చిన్నపిల్లలకి నేర్పడానికి పిలవండి. తర్వాత అమ్మాయిలకి మాత్రమే వారానికి రెండు రోజులు విడిగా ఆట పెట్టి అందులోకి రమ్మనండి. తర్వాత నెట్టు ఉన్న ఆటల్లో అందరితో కలవొచ్చు. కొందరు రెండో మెట్టు దగ్గరే ఆగుతారు. ఆగనివ్వండి, ఆట మానేయలేదు కదా. కలిపి ఆడించాలన్న మన పట్టుదల కంటే ఆ అమ్మాయి ఆడుతూ ఉండటం ముఖ్యం.

ఇదే వయసు నుంచి అబ్బాయిల వేగం, బలం నిజంగానే పెరుగుతూ పోతాయి. పద్నాలుగేళ్ల అబ్బాయి త్రోబాల్ విసిరే వేగానికి పదేళ్ల పిల్ల అడ్డు నిలబడకూడదు. అందుకని వయసుతో కాకుండా ఒడ్డు పొడుగులు చూసి రెండు గుంపులు చేయండి. పెద్ద గుంపులో తగులుడు ఉండే ఆటలు విడివిడిగా, నెట్టు ఆటలు, రిలే కలిపి.

పోటీలకి పంపాలనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: స్కూల్ గేమ్స్‌లో అండర్-14, 17, 19 విభాగాల్లో ఖోఖో, కబడ్డీ, వాలీబాల్ లాంటి జట్టు ఆటలు బాలురకి, బాలికలకి వేర్వేరుగానే జరుగుతాయి. సెలక్షన్లకి రెండు నెలల ముందు నుంచి విడి ప్రాక్టీసు పెట్టండి. కలిసి ఆడిన అలవాటు అమ్మాయిలకి అక్కడ బాగా కలిసొస్తుంది. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ మొదట్లో రింగులో అబ్బాయిల మధ్యే ప్రాక్టీసు చేసింది. 2022, 2023లో వరసగా ప్రపంచ విజేత అయ్యింది.

8. సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడం

ఇక నోట్‌బుక్ తీయండి. హాజరు పట్టీ చూసి సంతోషపడకండి. పది మంది అమ్మాయిలు వచ్చి గ్రౌండు అంచున నిలబడితే హాజరులో పదే కనిపిస్తుంది.

వారానికి ఒక రోజు, ఒక పది నిమిషాల ఆటలో బంతి ఎవరి చేతికి ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టి లెక్కించండి. పిల్లలకి చెప్పొద్దు. చెబితే ఆ పది నిమిషాలు బుద్ధిగా ఆడతారు. అమ్మాయిలు సగం మంది ఉండి, బంతి వాళ్లకి మూడో వంతు కూడా రాకపోతే నియమం మార్చాలి. ముగ్గురి చేతులు మారాలన్న నియమం సడలిపోయిందేమో ముందు చూడండి, సాధారణంగా అదే. అది గట్టిగానే ఉంటే స్థానాలు చూడండి. వెనక వరసలో ఎప్పుడూ అమ్మాయిలే ఉంటే ప్రతి పాయింటుకీ స్థానాలు తిప్పే పద్ధతి పెట్టండి.

ఇంకొన్ని చిన్న గుర్తులు. తప్పు చేసినప్పుడు ఎవరు ఎవర్ని కసురుతున్నారు? నెట్టు విప్పి మడతపెట్టే పని ఎవరి మీద పడుతోంది? గ్రౌండు ఊడ్చే పని మెల్లగా అమ్మాయిలకి చేరిపోయిందా? చేరితే వంతులు రాసి గోడకి అంటించండి. స్కోరు మీద గొడవ వచ్చినప్పుడు అమ్మాయిలు కూడా అరుస్తున్నారా? అరుస్తుంటే ఆట కుదిరినట్టే, అడ్డుపడకండి.

రావడం మానేసిన పిల్లల పేర్లు వేరే పేజీలో రాయండి, పక్కన కారణం రాయండి. “ఇంట్లో ఒప్పుకోలేదు” అని రాసి వదిలేయకండి, అది కారణం కాదు. ట్యూషన్ టైము మారిందా, తోడు వచ్చే అమ్మాయి మానేసిందా, ఎవరైనా ఏమైనా అన్నారా, బాత్రూమ్ తాళం పడిందా? తోడు పోవడం వల్ల ఆగినవాళ్లే ఎక్కువగా తేలతారు. అలాంటప్పుడు అదే వీధి నుంచి ఇంకొకర్ని చేర్చుకుంటే ఇద్దరూ వస్తారు.

మూడు నెలల తర్వాత సంక్రాంతికో, ఆగస్టు 15కో ఊరి ఆటల పోటీలుంటాయి. అమ్మాయిలకి ముగ్గులు, కుర్చీలాట, అబ్బాయిలకి వాలీబాల్ అని కార్డు కొట్టించే ముందే యువజన సంఘం దగ్గరికి వెళ్లి, మిక్స్‌డ్ త్రోబాల్‌కి, మిక్స్‌డ్ రిలేకి ఒక గంట అడగండి. పొద్దున్నే అడగకండి, ఎవరూ ఉండరు. మధ్యాహ్నం వద్దు, ఎండ. సాయంత్రం ప్రైజులు ఇచ్చే ముందు గంట అడగండి. ఊరంతా ఉండేది అప్పుడే. జట్టుకి సగం మంది అమ్మాయిలు ఉండాలనీ, ఒకే వీధి వాళ్లు ఇద్దరికి మించి ఉండకూడదనీ కార్డు మీదే వేయించండి.